36 ఏళ్లకు రెగ్యులర్ పీజీ: స్కాలర్‌షిప్, ఫెలోషిప్, లోన్ దారులు ఏమున్నాయి?

ఉదయరాగం
అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. 2010లో బీఎస్సీ మ్యాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్ పూర్తయింది. 2012 నుంచి ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. జీతం నెలకు 24 వేలు. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి 4.8 లక్షలు. ఇద్దరు పిల్లలు. సీయూఈటీ పీజీ రాశాను. ఒక సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు వచ్చేలా ఉంది. ఊరు దూరం కాబట్టి హాస్టల్లో ఉండాలి. పిల్లల్ని అత్తయ్య, మావారు చూసుకుంటామన్నారు. ఆ తర్వాత పీహెచ్‌డీ చేయాలని కోరిక.

మాది బీసీ, సెంట్రల్ ఓబీసీ లిస్టులో ఉంది. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మా ఆదాయం ఎక్కువవుతుంది. బ్యాంకుకు వెళ్తే కౌంటర్లో ఉన్నాయన ఫారం చేతికిచ్చి "తండ్రి సంతకం పెట్టించుకు రండి, అయినా ఈ వయసులో ఎడ్యుకేషన్ లోన్ రాదమ్మా" అన్నారు. మా నాన్నగారికి 70 దాటాయి, వ్యవసాయం. ఆయన్ని అప్పులోకి లాగడం నాకు ఇష్టం లేదు. నా వయసువాళ్లకు నిజంగా ఏ సాయమూ లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

గట్టుమీద
మేడం, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. యూజీసీ ఇచ్చే నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్టడీస్ నెలకు 15 వేలు, ఏడాదికి 10 నెలలు వస్తుంది. కానీ దానికి వయోపరిమితి 30. పీహెచ్‌డీకి నెట్ పరీక్ష ద్వారా ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు కూడా 30, మహిళలకూ ఓబీసీలకూ 5 ఏళ్ల సడలింపు. మీరు రెండు కేటగిరీల్లోనూ ఉన్నా 5 కలిపి 10 అవ్వదు. మొత్తం సడలింపు 5కు మించకూడదని రూలు. అంటే 35తో అయిపోయింది. ఉద్యోగం వదలకుండా డిస్టెన్స్‌లో చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

తెల్లకాగితం
గట్టుమీద గారు చెప్పిన రెండు లెక్కలూ కరెక్టే. కానీ దారి అక్కడితో మూసుకుపోలేదు. నేను ఇద్దరు పిల్లలు పుట్టాక పీహెచ్‌డీలో చేరాను, ఇప్పుడు థీసిస్ రాస్తున్నాను. అక్కా, మీ విషయంలో ఎమ్మెస్సీ వేరు, పీహెచ్‌డీ వేరు. వాటికి డబ్బు వచ్చే చోట్లు వేరు కాబట్టి విడివిడిగా చూడండి.

ఎమ్మెస్సీ రెండేళ్లకు వయసుతో పని లేనివి రెండే కనిపిస్తున్నాయి. ఒకటి బ్యాంకు లోను. రెండోది యూనివర్సిటీ మార్కులూ ఆదాయమూ చూసి సొంతంగా ఇచ్చే మెరిట్ కమ్ మీన్స్ సాయం. లోను సంగతి వేపచెట్టు గారు చూస్తే బాగా చెబుతారు.

పీహెచ్‌డీకి వచ్చేసరికి మీకు 38 నిండుతాయి. జేఆర్ఎఫ్ వదిలేయండి. కానీ నెట్ రాయడం మాత్రం వదలకండి. 2024 నుంచి నెట్‌లో మూడు కేటగిరీలు పెట్టారు. జేఆర్ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం రెండోది, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం మూడోది. వయోపరిమితి జేఆర్ఎఫ్‌కే. మిగతా రెండింటికీ వయసు అడ్డం లేదు.

డబ్బు ఎక్కడినుంచి అంటారా? సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్ఎఫ్ లేని పీహెచ్‌డీ విద్యార్థులకు నాన్ నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8 వేలు ఇస్తారు. చాలా తక్కువ, ఇల్లు గడవదు. దానికంటే గట్టిది కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ డీఎస్‌టీ వారి వైజ్ కిరణ్ పథకం. అందులో వైజ్ పీహెచ్‌డీ అని ఉంది. 27 నుంచి 45 ఏళ్ల మహిళలకు, సైన్స్ సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ చేయడానికి. గణితశాస్త్రాలు అందులో ఉన్నాయి. మీ వయసుకు సరిగ్గా సరిపోతుంది. పెళ్లి, పిల్లల వల్ల చదువు ఆగిన ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇలాంటి పథకాలు పెట్టారు.

ఇంకొకటి, గేట్ అనే జాతీయ పరీక్ష. గేట్‌కు వయోపరిమితి లేదు, స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీలో ఫుల్ టైమ్ పీహెచ్‌డీ అసిస్టెంట్‌షిప్ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. ఇప్పుడు మీకు వస్తున్న జీతం కంటే ఎక్కువ. ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో గేట్ మీద కూర్చోండి. మీ సబ్జెక్టుకు అన్నిటికంటే విలువైన పరీక్ష అదే.

వేపచెట్టు
ఉదయరాగం గారూ, నేను బ్యాంకులో లోన్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కౌంటర్లో మీకు చెప్పిన రెండు మాటలూ తప్పే. బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా విద్యారుణ పథకంలో విద్యార్థికి వయోపరిమితి అంటూ ఏమీ లేదు. తండ్రి సంతకమే కావాలనీ లేదు. పెళ్లయినవాళ్లకు సహ రుణగ్రహీతగా జీవిత భాగస్వామి ఉండవచ్చు, లేదంటే తల్లిదండ్రులో అత్తమామలో ఉండవచ్చు. మీవారి సంతకం చాలు.

4 లక్షల వరకు మార్జిన్ సొమ్ము, అంటే మీ వంతు వాటా, కట్టక్కర్లేదు, తాకట్టు అక్కర్లేదు. అది దాటితే మన దేశంలో చదువుకు 5 శాతం మార్జిన్ మీరు పెట్టుకోవాలి. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదు. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది మారటోరియం, అంటే కిస్తీ కట్టక్కర్లేని కాలం. తీర్చడానికి 15 ఏళ్ల వరకు గడువు ఉంటుంది.

ఇక్కడ పెద్దవయసు విద్యార్థులకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. బ్యాంకు కోర్సు ఖర్చుకే ఇస్తుంది. ఫీజు, హాస్టలు, మెస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, కాషన్ డిపాజిట్. ఆగిపోయిన జీతానికి ఇవ్వదు. పిల్లల స్కూలు ఫీజుకు ఇవ్వదు. 22 ఏళ్ల కుర్రాడికి ఆ తేడా తెలియదు, మీకు అదే అసలు లెక్క. మీరు చేరగానే ఇంట్లోకి నెలకు 24 వేలు రావడం ఆగిపోతుంది. ఆ లోటు మీవారి జీతంలోంచి, మీరు దాచుకున్నదాంట్లోంచి పూడాలి. ముందు ఆ లెక్క తేల్చుకున్నాకే లోన్ సైజు ఆలోచించండి.

బ్రాంచిలో మళ్లీ అదే మాట అంటే అప్లికేషన్ తీసుకోమనండి. లేదా విద్యాలక్ష్మి పోర్టల్లో ఆన్‌లైన్లో పెట్టండి, దానికి నంబరు వస్తుంది. కాగితం మీదకు వచ్చిన అప్లికేషన్‌ను బ్రాంచి స్థాయిలో ఊరికే కొట్టేయలేరు, తిరస్కరించాలంటే పై అధికారి ఒప్పుకోవాలి. నోటిమాటకు మాత్రం ఎక్కడా రికార్డు ఉండదు.

మధ్యాహ్నం
వేపచెట్టు గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. నాకు 41. ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. యూజీసీ 2022 నిబంధనలు పార్ట్ టైమ్ పీహెచ్‌డీని స్పష్టంగా అనుమతిస్తున్నాయి, ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఉండాలి. ఫెలోషిప్ రాదు, కానీ జీతం ఆగదు. నా ఇంటి పరిస్థితికి అదే కుదిరింది.

మీ కేసు వేరు మేడం. ఎమ్మెస్సీ స్టాట్స్ రెగ్యులర్‌గా చదివితేనే ల్యాబ్, సాఫ్ట్‌వేర్, ప్రాజెక్టు చేతికి వస్తాయి. డిస్టెన్స్ మంచిదే, కానీ మీరు గేట్ రాసి పీహెచ్‌డీకి వెళ్దామనుకుంటున్నారు కదా, ఆ రెండేళ్లు క్లాసులో కూర్చోవడం అవసరమని నాకు గట్టిగా అనిపిస్తోంది. సీటు వదలకండి.

గట్టుమీద
నేను భయపెట్టాలని అనలేదు. మా అక్క పరిస్థితి దగ్గరనుంచి చూశాను. ఇంటి లోన్ ఉండగా పర్సనల్ లోన్ తీసుకుని చదివింది, కిస్తీలకే జీతమంతా పోయేది. అందుకే అప్పు అంటే జాగ్రత్త అంటున్నాను. 36లో తీసుకుని ఎప్పటికి తీరుస్తారు?

వేపచెట్టు
బాబూ, మంచి ప్రశ్న వేశావు. పర్సనల్ లోన్ మాత్రం వద్దే వద్దు. వడ్డీ ఎక్కువ, మారటోరియం ఉండదు, తీసుకున్న మరుసటి నెల నుంచే కిస్తీ మొదలవుతుంది. చదువుకునేవాళ్ల మెడకు అది ఉరే.

విద్యారుణం లెక్క వేసి చూపిస్తాను. ఫీజు, హాస్టలు, మెస్సు, పుస్తకాలు అన్నీ కలిపి సెమిస్టర్‌కు 70 వేలు అనుకుందాం. నాలుగు సెమిస్టర్లకు 2.8 లక్షలు. వడ్డీ 10 శాతం అనుకుందాం. మారటోరియంలో సాధారణ వడ్డీయే పడుతుంది. బ్యాంకు ఒకేసారి ఇవ్వదు, సెమిస్టర్‌కింత చొప్పున ఇస్తుంది కాబట్టి తీసుకున్న మేరకే వడ్డీ. చదువు రెండేళ్లు, ఆపైన ఏడాది గడిచేసరికి వడ్డీ 63 వేలు అవుతుంది. మొత్తం 3.43 లక్షలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 5,700. ఆవిడకు 39లో మొదలై 46లో తీరిపోతుంది.

చదువుకునేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే ఇంకా తేలిక. మొదటి సెమిస్టర్లో నెలకు 583 రూపాయలు, నాలుగో సెమిస్టర్‌కు 2,333. అలా కడితే అసలు 2.8 లక్షల మీదే ఉంటుంది, కిస్తీ 4,650కి దిగుతుంది. చదువు కాలంలో వడ్డీ కట్టేవాళ్లకు 1 శాతం రాయితీ ఇవ్వవచ్చని ఐబీఏ పథకంలో ఉంది. మీ బ్యాంకులో ఇస్తున్నారేమో అడగండి.

నా సలహా ఒకటే. నాలుగు లక్షల లోపు ఉంచండి. ఇస్తున్నారు కదా అని ఎక్కువ తీసుకోకండి.

ఉదయరాగం
వేపచెట్టు గారూ, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మీ పోస్టు చదివి వినిపించాను. పీఎం విద్యాలక్ష్మి అని కొత్తగా వచ్చిందట, అది మాకు వర్తిస్తుందా? విద్యాలక్ష్మి, ఇది ఒకటేనా?

వేపచెట్టు
విద్యాలక్ష్మి పాత పోర్టల్. పీఎం విద్యాలక్ష్మి 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పథకం. ఇందులో గుర్తించిన విద్యాసంస్థల జాబితా ఉంటుంది. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ముందున్నవీ, కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థలూ అందులో ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. తాకట్టు, హామీదారు లేకుండా లోను. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. మీ ఇద్దరి జీతాలూ కలిపితే 7.68 లక్షలు. పరిమితిలోనే ఉన్నారు. నేను పైన వేసిన లెక్కలో 63 వేల వడ్డీలో దాదాపు 19 వేలు తగ్గినట్టు.

రెండు షరతులు గుర్తుంచుకోండి. ఏడాదికి లక్ష మందికే ఈ వడ్డీ రాయితీ. పైగా కేంద్రం నుంచో రాష్ట్రం నుంచో స్కాలర్‌షిప్ లేదా ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవాళ్లకు ఇది రాదు.

తెల్లకాగితం
ఆదాయం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పెళ్లయిన ఆడవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక్కో కాగితానికి "కుటుంబం" అంటే ఒక్కో అర్థం. మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఓబీసీ సర్టిఫికెట్ రెండూ ఒకేసారి పెట్టి, రెండింటికీ భర్త ఆదాయం రాసేస్తారు చాలామంది.

ఓబీసీ నాన్ క్రీమీలేయర్ తేల్చేది తల్లిదండ్రుల స్థితిని బట్టి. అభ్యర్థి సొంత జీతం లెక్కలోకి రాదు, భర్త జీతమూ రాదు. కేంద్ర సిబ్బంది శాఖ డీఓపీటీ ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అంతేకాదు, ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. ఉదయరాగం అక్క నాన్నగారు రైతు, కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండకూడదు. మా మండలంలో మా వారి పేస్లిప్ తెమ్మని పట్టుబట్టారు. ఆ ఉత్తర్వు ప్రింటు తీసుకెళ్లి చూపించాకే నాన్నగారి వివరాలతో ఇచ్చారు.

ఓసీ పేదల కోటా ఈడబ్ల్యూఎస్ అయితే లెక్క వేరు. అక్కడ కుటుంబం అంటే అభ్యర్థి, తల్లిదండ్రులు, 18 లోపు తోబుట్టువులు, భర్త లేదా భార్య, 18 లోపు పిల్లలు. అంటే పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ కలుస్తాయి. మా స్నేహితురాలు అక్కడే ఆగిపోయింది.

అక్కా, ఇంకో విషయం. మీ ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఎలా ఉంది, ఆధార్లో ఎలా ఉంది? పెళ్లయ్యాక ఆధార్లో మార్చుకున్నారా?

ఉదయరాగం
అవును, మార్చుకున్నాను. మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్లో అత్తింటిది. పాన్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంది. ఇది సమస్యా?

తెల్లకాగితం
సమస్యే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఓటీఆర్, అంటే ఒకసారి చేసే రిజిస్ట్రేషన్, ఆధార్ మీద, ముఖం గుర్తింపు మీద నడుస్తుంది. యూనివర్సిటీ మీ పేరు మెమో చూసి రాస్తుంది. రెండూ కలవకపోతే వెరిఫికేషన్లో ఆగిపోతుంది. ఇప్పుడు మీరు ఆ పోర్టల్లో ఏదీ పెట్టకపోయినా, పీహెచ్‌డీ నాటికి ఎక్కడో ఒకచోట తగులుతుంది. డిగ్రీలన్నీ పుట్టింటి పేరుతో ఉన్నాయి కాబట్టి ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోవడం సులువు. డిగ్రీ సర్టిఫికెట్లు మార్పించడం కంటే అది ఎన్నో రెట్లు నయం. తర్వాత పాన్, తర్వాత బ్యాంకు ఖాతా, ఆ వరసలో.

మరొకటి, ఫెలోషిప్ డబ్బు ఆధార్ లింకైన ఖాతాకు వెళ్తుంది. నాలుగు ఖాతాలుంటే చివరగా సీడింగ్ చేసినదానికి పడుతుంది. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకి ఇచ్చిన ఖాతా అయితే అక్కడికే పోతుంది. ఏ బ్యాంకు లింకై ఉందో ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర కనిపిస్తుంది.

రెండోఘంట
మధ్యలో దూరుతున్నాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఎవరైనా ఇది చదువుతుంటే, స్టడీ లీవ్ సంగతి మర్చిపోకండి. 5 ఏళ్ల సర్వీసు నిండితే మొత్తం 24 నెలల వరకు దొరుకుతుంది, మామూలుగా ఒకసారికి 12 నెలలు. జీతం, డీఏ వస్తాయి. మీ కోర్సుకూ చేసే పనికీ దగ్గరి సంబంధం ఉందని చూపించాలి. తిరిగొచ్చాక 3 ఏళ్లు పనిచేస్తానని బాండు రాయాలి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాక ఇవ్వరు. మా సెక్షన్లో ఈ లీవు ఉందని తెలియక ఉద్యోగం మానేసినవాళ్లున్నారు, చాలా బాధనిపిస్తుంది.

దూరతీరం
విదేశీ చదువు గురించి కూడా ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని ఇక్కడే రాస్తున్నాను. వయసు ఎక్కడ అడ్డొస్తుందో, ఎక్కడ రాదో తెలుసుకోవాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 35 లోపు ఉండాలి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధికి, బీసీలకు జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధికి కూడా 35. కాబట్టి 33, 34లో ఉన్నవాళ్లు ఇంకో ఏడాది చూద్దాం అనుకోకండి.

బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చీవ్నింగ్‌కు గరిష్ఠ వయసు లేదు. పైగా 2,800 గంటల ఉద్యోగానుభవం ఉండి తీరాలి. మనలాంటివాళ్లకు అక్కడ అనుభవమే బలం. యూకేలో ఏడాది మాస్టర్స్ చేసి, తిరిగొచ్చి కనీసం రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్‌కూ వయోపరిమితి లేదు, నెలకు 1,400 యూరోలు. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్‌కు కనీసం 3 ఏళ్ల పూర్తికాలం ఉద్యోగానుభవం అడుగుతారు. జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్‌కు 45 వరకు పెట్టవచ్చు. అది తిరిగి కట్టాల్సిన రుణమే. జర్మనీ స్కాలర్‌షిప్ సంస్థ డాడ్‌లో మాత్రం వయసు అని రాయరు, చివరి డిగ్రీ అయ్యి 6 ఏళ్లు దాటకూడదంటారు. 2010లో డిగ్రీ అయినవాళ్లకు అది తలుపు మూసినట్టే. అందుకే వయసు గడి ఒక్కటే చూసి సంతోషపడకుండా, డిగ్రీ ఏ ఏడాది అయి ఉండాలన్నారో కూడా చదవండి.

ఉదయరాగం
దూరతీరం గారూ, నాకు విదేశం ఆలోచన లేదు, కానీ మా చెల్లికి 33. ఇప్పుడే పంపించాను మీ పోస్టు.

అందరికీ ఒక మంచి వార్త. సీటు ఖరారైంది. యూనివర్సిటీలో మెరిట్ కమ్ మీన్స్ సాయానికి లేఖ రాసుకోమన్నారు. పీఎం విద్యాలక్ష్మికి స్కాలర్‌షిప్ అడ్డు అన్నారు కాబట్టి, రెంటిలో ఏది ఎక్కువ ఉపయోగమో చూసుకుని ఒకటే తీసుకుంటాను. లేఖ ఇలా మొదలుపెట్టాను, చూడండి.

"చిన్నప్పటి నుంచీ చదువంటే నాకు ప్రాణం. కుటుంబ బాధ్యతల వల్ల నా చదువు ఆగిపోయింది. ఇన్నేళ్ల తర్వాత నా కల నెరవేర్చుకునే అవకాశం వచ్చింది. పేద కుటుంబానికి చెందిన నాకు దయతో సాయం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

నీలిసిరా
అమ్మా, నేను లెక్చరర్‌గా పనిచేసినన్నాళ్లూ ఇలాంటి లేఖలు చదివే కమిటీలో కూర్చునేవాణ్ణి. మీ మనసు నాకు అర్థమైంది. కానీ కమిటీ ముందు ఒక పూటకు కట్టలు కట్టలు లేఖలు ఉంటాయి. చదువంటే ప్రాణమని అందరూ రాస్తారు. పేద అని రాస్తే, ఇంట్లో 7.68 లక్షల ఆదాయం కనిపిస్తున్నప్పుడు చదివేవాడికి అనుమానం వస్తుంది. మీ విషయంలో నిజమే గట్టిగా ఉంది, దాన్నే రాయండి. చదువు ఆగిపోయింది అనకండి. ఆ 13, 14 ఏళ్లు మీరు లెక్కలు చెప్పారు. అది ఖాళీ ఎలా అవుతుంది? నేనైతే ఇలా మొదలుపెడతాను.

"నేను 2010లో బీఎస్సీ పూర్తిచేసి, 2012 నుంచి హైస్కూల్లో 8, 9, 10 తరగతులకు గణితం బోధిస్తున్నాను. ఈ కోర్సులో చేరడానికి ఉద్యోగం మానేస్తున్నాను. దానివల్ల మా కుటుంబ ఆదాయం ఏడాదికి 7.68 లక్షల నుంచి 4.8 లక్షలకు తగ్గుతుంది. మాకు ఇద్దరు పిల్లలు, వాళ్లు బడిలో చదువుతున్నారు. హాస్టలు, మెస్సు ఖర్చుకు సెమిస్టర్‌కు ఇంత లోటు పడుతోంది. దానికి ఇంత సాయం కోరుతున్నాను."

అంకెలు వేసి, కిందే కాగితాలు జతచేయండి. స్కూలు వారి సర్వీసు సర్టిఫికెట్, చివరి పేస్లిప్, రాజీనామా అంగీకరించిన ఉత్తరం, మీవారి జీతం కాగితం, పిల్లల ఫీజు రసీదులు. ఉద్యోగం మానేసినట్టు రుజువు లేకపోతే పాత ఆదాయమే పరిగణిస్తారు. కాబట్టి రిలీవింగ్ లెటర్ తేదీ వేయించి తీసుకోండి. అడిగిన మొత్తం కోర్సు ఖర్చుకు పొంతన కుదరాలి. ఎంత ఇచ్చినా సరే అని రాసినవాళ్లకు ఎంతివ్వాలో కమిటీకి తెలియదు, చివరికి తక్కువే ఇస్తుంది.

రెండో పేరాలో పీహెచ్‌డీ ఆలోచన రెండు వాక్యాల్లో చెప్పండి. పిల్లలు లెక్కల్లో ఎక్కడ తడబడతారో ఇన్నేళ్లు దగ్గరనుంచి చూసిన మనిషి స్టాటిస్టిక్స్ చదివితే ఏం చేయగలరో కొత్తగా డిగ్రీ అయిన పిల్లలు రాయలేరు. అది మీరే రాయగలరు.

మధ్యాహ్నం
నీలిసిరా గారి పోస్టు కాపీ చేసి దాచుకున్నాను.

మేడం, గ్యాప్ అఫిడవిట్ కూడా అడుగుతారు, ముందే చేయించుకోండి. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించాలి. "2010 నుంచి 2012 వరకు ఇంటి వద్ద, 2012 నుంచి ఉపాధ్యాయినిగా, ఈ మధ్య ఏ ఇతర కోర్సులోనూ చేరలేదు" అని ఏడాదుల వారీగా రాయించండి. నోటరీ దగ్గర టైపు చేసేవాళ్లు రెడీమేడ్ నమూనా వాడతారు, అందులో నిరుద్యోగిగా ఉన్నాను అని ఉంటుంది. చూసుకోకుండా సంతకం పెడితే మీ సర్వీసు సర్టిఫికెట్‌కు అది అడ్డం తిరుగుతుంది.

ఉదయరాగం
లేఖ నీలిసిరా గారు చెప్పినట్టే తిరగరాశాను. చదువుకుంటే నా గురించి నాకే గౌరవం కలిగింది. అఫిడవిట్ కూడా చేయించాను, అందులో "నిరుద్యోగి" అనే ఉంది, మార్పించాను. మధ్యాహ్నం గారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

లోన్ అప్లికేషన్ ఆన్‌లైన్లో పెట్టాను. వేరే బ్రాంచి నుంచి ఫోన్ చేసి మావారిని, నన్ను రమ్మన్నారు. వయసు గురించి ఎవరూ అడగలేదు. శాంక్షన్ లెటర్ వచ్చాక దాంట్లో ఏమేం చూసుకోవాలి? ఇంకొకటి, విద్యారుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంటుందని ఎవరో చెప్పారు. దానికోసం మావారి పేరు మీద లోన్ తీసుకుంటే మంచిదా?

వేపచెట్టు
చాలా సంతోషమమ్మా. ఆ మినహాయింపు నిజమే. సొంత చదువుకు గానీ, భర్త లేదా భార్య, పిల్లల చదువుకు గానీ బ్యాంకు నుంచి తీసుకున్న రుణం మీద కట్టే వడ్డీకి 8 ఏళ్ల వరకు మినహాయింపు, పరిమితి లేదు. కానీ అది పాత పన్ను విధానంలోనే. మీవారికి 4.8 లక్షలు కాబట్టి ఏ విధానంలోనూ పన్నే పడదు. లేని పన్నుకు మినహాయింపు కోసం పేర్లు మార్చే పని పెట్టుకోవద్దు. లోన్ విద్యార్థిగా మీ పేరునే ఉండాలి, ఆయన సహ రుణగ్రహీత. రేపు మీకు ఫెలోషిప్ వస్తే దానికీ పన్ను ఉండదు, చదువు ఖర్చుకు ఇచ్చే స్కాలర్‌షిప్పులు పన్ను పరిధిలోకి రావు.

శాంక్షన్ లెటర్లో వడ్డీ రేటు ఫ్లోటింగ్ అని ఉంటుంది. దేనికి ముడిపెట్టారో, దాని మీద ఎంత కలిపారో చూడండి. మారటోరియం కోర్సు అయిన తేదీ నుంచి ఏడాది అని స్పష్టంగా రాసి ఉండాలి. మీరు ఎమ్మెస్సీ అవగానే పీహెచ్‌డీలో చేరితే మారటోరియం పొడిగించే వీలుందా అని ఇప్పుడే అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి. ఇన్సూరెన్స్ తప్పనిసరి అంటూ ఏదైనా పాలసీ అంటగడితే, ఆ ప్రీమియం లోన్లో కలిపారేమో చూడండి. వద్దనే హక్కు మీకుంది. ఏదైనా తేడా వస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు, ఫీజు లేదు.

డబ్బు నేరుగా యూనివర్సిటీ ఖాతాకు వెళ్తుంది. ఫీజు చివరి తేదీ దాకా ఆగకుండా డిమాండ్ లెటర్ తీసుకుని కనీసం రెండు వారాల ముందు బ్రాంచిలో ఇవ్వండి. హాస్టలు, మెస్సు సొమ్ము వేరే ఖాతాకు కట్టాల్సి ఉంటే ఆ వివరాలు కూడా అదే లెటర్లో రాయించండి. రెండో సెమిస్టర్ సొమ్ము విడుదలకు మొదటి సెమిస్టర్ మార్కుల మెమో అడుగుతారు, రాగానే ఒక కాపీ పంపేయండి.